ఏనుగు తొక్కిన చేను ఎవరిది?

మా శ్రీముఖలింగం రేవులో నిలబడి వంశధార ఎగువకు చూస్తే హిరమండలం, ఆ పైన భామిని. 2023 మే 12న ఆ భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు పొలంలో కరెంటు తగిలి చనిపోయాయి. అయ్యో అనుకున్నాం. ఆ పొలాల్లో పనిచేసే ఆడవాళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ వైపే మా పిన్ని మొక్కజొన్న పండిస్తుంది. విత్తు దగ్గర్నుంచి నూర్పు దాకా అన్నీ ఆమే. ఏనుగులు చేలో పడ్డ మర్నాడు నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్ళు ముందు అడిగింది, పాసుబుక్కు ఎవరి పేరున ఉందని. ఎప్పుడో పోయిన మామగారి పేరున ఉంది. "అది నా పేర్న లేదని ఏనుక్కి తెలీదు కదే అమ్మీ" అంది పిన్ని. నవ్వుతూనే అంది.

ఏనుగుల్ని తరిమెయ్యమనే వాళ్ళతో నేను ఏకీభవించను. కళింగ ఏనుగులు శ్రేష్ఠమైనవని అర్థశాస్త్రమే చెప్పింది. వాటికిది పరాయి నేల కాదు. ఒడిశాలోని లఖారి అడవుల వైపునుంచి 2018లో మళ్ళీ దిగివచ్చాయి. ఒక మండలం నుంచి ఇంకో మండలానికి తోలడం సంరక్షణ ఎలా అవుతుంది? 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఏనుగును పట్టాలన్నా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. మంచిదే. జంతువుకి అంత స్పష్టంగా రాసుకున్న ప్రభుత్వం సాగుచేసే ఆడమనిషికి ఏం రాసింది? 2006 అటవీహక్కుల చట్టం పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలంది. కానీ అది అడవి భూమికే. కౌలుదారు కార్డుకైతే 2019 చట్టం భూయజమాని సంతకం అడిగింది. ఆ సంతకం పెట్టే ఆసామి ఎక్కడ దొరుకుతాడు?

2025 మేలో కర్ణాటక ఇచ్చిన కుంకీ ఏనుగులు చిత్తూరు జిల్లా పలమనేరు చేరాయి. మనకీ కావాలి, కాదనను. అంతకన్నా ముందు, ఏనుగులు ఫలానా చోట ఉన్నాయన్న కబురు ఆడవాళ్ళకి అందాలి. ఫోను మగవాడి జేబులో ఉంటుంది. తెల్లవారకుండా జీడితోటకీ, కొండచీపుళ్ళకీ వెళ్ళేది ఆడది. డ్వాక్రా సంఘాల ద్వారా కబురు పంపడానికి పెద్ద ఖర్చేమీ కాదు. నష్టం రాసే కాగితంలో "సాగు చేస్తున్నవారు" అని ఒక గడి పెట్టడానికి అసలు ఖర్చే లేదు. మన సంఘాలు గట్టిగా అడగవలసింది ఈ రెండూ.

మొన్న పిన్నీ నేనూ కలిసి మళ్ళీ దరఖాస్తు రాశాం. ఆ గడి లేదు. కింద ఖాళీలో గీత గీసి, ఆమె పేరు రాసి ఇచ్చాం.