సుమో ఎక్కినోడల్లా ఫ్యాక్షనిస్టేనా?

తెల్ల సుమో. తెల్ల చొక్కా. మెలేసిన మీసం. సీటు కింద వేటకొడవలి. ఇవి చెప్పి ఇదే ప్రాంతమని అడిగితే హైదరాబాద్‌లో ఇంటర్ చదివే పిల్లగాడు కూడా రాయలసీమ అని టక్కున చెబుతాడు. వాడు కర్నూలు దాటి పోయి ఉండడు. అనంతపురం ఎటుందో తెలియదు. అయినా చెబుతాడు. వానికి పాఠం చెప్పింది సినిమా.

1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది. 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి' వరుస కట్టాయి. పైసలు రాలినకొద్దీ తెరమీద సుమోల సంఖ్య పెరిగింది. చివరికి సుమో గాల్లోకి లేవకపోతే అది ఫ్యాక్షన్ సినిమానే కాదన్న కాడికి వచ్చింది. సీమ కథలు చెప్పినవాళ్లలో సీమవాళ్లు బహు తక్కువ. నాలుగు జిల్లాల బతుకును నాలుగు చక్రాల మీదికి ఎక్కించి అమ్ముకున్నారు.

అసలు ఈ బండి ఎవరిది? టాటా కంపెనీ 1994లో తెచ్చింది. ఆ సంస్థను నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులో ముక్కలు కలిపితే వచ్చిన పేరు సుమో. జపాన్ పహిల్వాన్లతో దానికి సంబంధం లేదు, వేటకొడవళ్లతో అంతకన్నా లేదు. పది మంది పడతారు, గుంతల రోడ్డుకు ఓర్చుకుంటుంది. అందుకే పోలీసులు ఎక్కారు, అధికారులు ఎక్కారు, లగ్గాలకు పల్లెలు ఎక్కాయి. 2005లో 108 బండ్లు రాకముందు కాన్పు కష్టమైన ఆడమనిషిని దవాఖానకు చేర్చింది కిరాయి జీపో, కిరాయి సుమోనే. 2019లో దాని తయారీ ఆగిపోయింది. కరీంనగర్‌లో తిరిగితే కిరాయి బండి, కదిరిలో తిరిగితే బాంబుల బండి! ఇదెక్కడి లెక్క?

ఫ్యాక్షన్ లేదని మేం అనడం లేదు. నాయకులు బండ్ల వరుసతో ఊరేగింది నిజం. 2005 జనవరి 24న అనంతపురంలో పట్టపగలు పరిటాల రవిని చంపింది నిజం. అయితే నాయకుని వెంట ఎక్కినవాళ్లు ఆ సుమోల ఓనర్లు కారు. ఎండిన చేను వదిలి కూలికి ఎక్కినవాళ్లు. చచ్చినా, జైలుకు పోయినా ముందు వాళ్లే. ముఠా నాయకత్వానికీ కాంట్రాక్టులకూ ఉన్న ముడిని కె. బాలగోపాల్ వంటివారు విప్పి చెప్పారు. ఆ రాతలు చదివినోళ్లెందరు, సుమో పేలితే ఈలేసినోళ్లెందరు? ఇంకో మాట. 1997 నవంబర్ 19న కారుబాంబు పేలి ఇరవై మందికి పైగా చచ్చిపోయింది ఏ సీమ పల్లెలోనూ కాదు. జూబ్లీహిల్స్‌లో, రామానాయుడు స్టూడియో దగ్గర, ఒక సినిమా మొదలుపెట్టిన రోజున.

ఇది మనకెందుకు అని అడిగేవాళ్లున్నారు. మన భాషను తెచ్చి విలన్‌కూ, కమెడియన్‌కూ అంటగట్టింది ఈ సినిమా పరిశ్రమే కదా! ఆ ఎక్కిరింత ఎంత నొప్పి పెడుతుందో తెలిసినవాళ్లం మనం. కాలేజీ హాస్టల్లో కడప పిల్లగాడు రూములోకి రాగానే "సుమో ఎక్కడ ఆపినవ్‌రా?" అని నవ్వితే వాడూ నవ్వుతాడు. ఆ నవ్వు ఎట్లాంటిదో యాస విప్పడానికి భయపడి క్లాసులో నోరు మూసుకున్న మన పిల్లలను అడగండి.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఉద్యమ కాలంలో బండి నంబరులో ఏపీ చెరిపి టీజీ రాసుకున్నాం. మన గుర్తింపు మనం రాసుకోవడంలో తప్పు లేదు. కానీ ఏపీ 02, ఏపీ 04 నంబరు కనపడగానే లోపల ఎవరున్నారో చూడకుండానే మొహం తిప్పుకున్న రోజులూ ఉన్నాయి. లోపల ఉన్నది బెంగళూరు వలసపోయి బతికే వేరుశనగ రైతు కావచ్చు, మన ఆఫీసులోనే పక్క కుర్చీ గుమాస్తా కావచ్చు.

పోతిరెడ్డిపాడు సంగతే చూడండి. 2005లో 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచడానికి జీవో ఇస్తే తెలంగాణ భగ్గుమన్నది. ఆ పేచీ న్యాయమైనదని మేం అప్పుడూ అన్నాం, ఇప్పుడూ అంటాం. కాని మన వేదికల మీద ఎవరో ఒకరు క్యూసెక్కులు వదిలి సుమోలను ఎత్తుకునేవారు. చప్పట్లు దానికే పడేవి. మేమూ కొట్టాం. నీళ్ల లెక్క చెప్పవలసిన చోట మీసం మెలేసి చూపిస్తే ఎవరికి లాభం? అవతలివాడు లెక్క చెప్పే పని తప్పించుకున్నాడు. 1937 శ్రీబాగ్ ఒడంబడికను ముందర పెట్టి అనంతపురం రైతు గుక్కెడు నీళ్లు అడిగితే ఆ మాటా నవ్వులాటలో కొట్టుకుపోయింది. కర్నూలు 1953లో రాజధాని అయి మూడేళ్లకే దాన్ని పోగొట్టుకున్న కథ మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. సుమో కథ మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

సుమో పోయిందని ఈ పాడు అలవాటు పోలేదు. ఇప్పుడు మన దగ్గర నల్ల స్కార్పియో కనపడితే భూముల దందా, తెల్ల ఫార్చ్యూనర్ కనపడితే ఎమ్మెల్యే మనిషి అంటున్నాం. దందా చేసేవాని సర్వే నంబరు అడగాలి గాని బండి రంగుతో ఏం పని?

2019లో ఆంధ్రప్రదేశ్ జిల్లాల నంబర్లన్నీ తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస పెట్టింది. ఆ కొత్త నంబరు బండిని చూసి ఏ జిల్లాదో చెప్పడం ఇక ఎవరితరం కాదు. తెలుసుకోవాలనుంటే ఆపి, డ్రైవర్‌ను ఏ ఊరన్నా అని అడగాలి.