పిడుగురాళ్ల సున్నం ఊరి కప్పుకెక్కాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దల మాట. పల్నాడులో రోళ్ల సంగతి ఎలా ఉన్నా, స్లాబు కింద కాపురముండేవారి ఓపిక మాత్రం పగిలిపోతున్నది. పొద్దుగూకి రెండు గంటలైనా ఇంట్లో కాలు పెట్టలేక మంచాలను వాకిట్లోకి, వాకిలి లేనివారు వీధిలోకి ఈడ్చుకుంటున్నారు. బాలింతకు, మంచం పట్టిన ముసలివారికి ఆ వీలు కూడా లేదు. వారు ఆ వేడి కప్పు కిందనే తెల్లవార్లూ గడపవలసిందే. 2015 వేసవిలో దేశం మొత్తం మీద 2,000 మందికి పైగా వడదెబ్బకు బలైతే, వారిలో అత్యధికులు తెలుగు రాష్ట్రాలవారే. వడదెబ్బ పొలంలోనే తగులుతుందనుకోవడం పొరపాటు. పగలంతా నీడపట్టునే ఉన్నా, రాత్రికి కూడా ఒళ్లు చల్లబడకపోతే వృద్ధుల గుండె ఆ భారం మోయలేదు.

పూర్వపు ఇళ్లకు ఈ బాధ ఇంతగా లేదు. తాటాకు, రెల్లుగడ్డి పొరల మధ్య నిలిచిన గాలి ఎండ వేడిని లోపలికి రానిచ్చేది కాదు. పెంకుటింటికి అటక అడ్డుపడేది. మట్టి మిద్దెకు పైన పోసిన మట్టే రక్ష. అయితే పూరిల్లు వదిలి స్లాబు వేసుకున్నవారిని తప్పుపట్టడానికి లేదు. ఒక్క నిప్పురవ్వకు వీధికి వీధే బూడిదయ్యే భయం, ఏడాది కేడాది కప్పు నేసుకునే ఖర్చు, చూరులో తేళ్లు అనుభవించినవారికే తెలుసు. తప్పు స్లాబుది కాదు, దానిని బోసిగా వదిలివేయడంలో ఉన్నది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండను తాగి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఆ వేడిని ఇంట్లోకి కక్కుతుంది. పాచి పట్టి నల్లబడిన స్లాబు మరింత తాగుతుంది.

దీనికి జనం కనుగొన్న మందు ఫాను. కానీ ఫాను గాలిని చల్లబరచదు, ఉన్న గాలినే తిప్పుతుంది. కప్పు కాలుతున్నప్పుడు అది తిప్పేది వేడిగాలినే. మామూలు ఫాను ఒకటి 75 వాట్లు లాగుతుంది. రెండు ఫాన్లు రోజుకు ఇరవై గంటలు తిరిగితే 3 యూనిట్లు, నెలకు 90 యూనిట్లు. కూలరు చేరితే లెక్క ఇంకా పెరుగుతుంది. యూనిట్లు పెరిగేకొద్దీ పై శ్లాబులో రేటు కూడా పెరుగుతుంది గనుక, నెలాఖరున కాలిన యూనిట్లే అన్నిటికన్నా ఖరీదైనవి. కప్పు చల్లబడితే మొదట మిగిలేవి ఆ ఖరీదైన యూనిట్లే.

కప్పును చల్లబరిచే సరుకు కోసం ఎక్కడికో పోనక్కరలేదు. పల్నాడు నేలంతా సున్నపురాయే. పిడుగురాళ్ల బట్టీలలో కాలిన సున్నం లారీల మీద ఎక్కడెక్కడికో పోతున్నది. అదే సున్నం పక్క ఊళ్ల స్లాబుల మీదికి ఎక్కకపోవడం చిత్రం. కప్పుకు తెల్లపూత పూస్తే ఎండలో అధిక భాగం వచ్చిన దారినే తిరిగిపోతుంది. ఇంటిలోపల 2 నుంచి 5 డిగ్రీల వరకు వేడి తగ్గుతుందని చల్లని కప్పులపై జరిగిన ప్రయోగాలు తేల్చాయి. ఇంటిని బట్టి ఇది కొంత అటూఇటూ అవుతుంది. రెంటచింతల ఎండలో రెండు డిగ్రీలు తగ్గినా పసిబిడ్డకు నిద్ర పడుతుంది.

పని కూడా పెద్దదేమీ కాదు. మొదట కప్పు మీది దుమ్ము, పాచి శుభ్రంగా ఊడ్చి, బీటలుంటే సిమెంటుతో పూడ్చాలి. కిలో రాతి సున్నానికి సుమారు అయిదు లీటర్ల నీళ్ల చొప్పున పోసి ఒక రోజు నాననిచ్చి, మోటు గుడ్డలో వడగట్టాలి. పూత రాలిపోకుండా చిక్కటి బియ్యపు గంజి గానీ, కరగబెట్టిన తుమ్మజిగురు గానీ కలపాలి. కప్పును ముందుగా తడిపి, చల్లపూట పలచగా రెండు మూడు పూతలు వేయాలి. ఒకేసారి మందంగా పూసిన సున్నం పెచ్చులూడిపోతుంది. కొందరు మేస్త్రీలు ఇదేదో పెద్ద విద్య అన్నట్లు మాట్లాడతారు గానీ, పండుగకు అరుగులకు సున్నం వేసే ఇల్లాలికి తెలియనిది ఇందులో లేదు. వానలకు పూత కరిగిపోతుంది గనుక ఏటా వేయవలసిందే. బజారులో దొరికే తెల్లరంగులు ఎక్కువ కాలం నిలుస్తాయి, డబ్బు కూడా ఎక్కువే అడుగుతాయి.

జాగ్రత్త ఒక్కటి. రాతి సున్నం నీళ్లు తగలగానే సలసల కాగుతుంది. పలుచని ప్లాస్టిక్ బకెట్లలో కాక సిమెంటు తొట్టిలోనో, ఇనుప పాత్రలోనో నానబెట్టి, పిల్లలను దరిచేరనీయరాదు. కంట పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి పోవాలి. పిట్టగోడ లేని డాబాల మీద వెనుకకు నడుస్తూ పూయడం ప్రాణాలతో చెలగాటం.

రేకుల ఇళ్ల సంగతి వేరు. సిమెంటు రేకుల మీద ఎక్కి నడిస్తే అవి విరిగి మనిషి కిందపడతాడు. పాత రేకులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది గనుక వాటిని గీకినా, కోసినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. వాటిని గీకకుండా, నిచ్చెన మీద నుంచి పొడవాటి కర్రకు కట్టిన కుంచెతో అందినంత మేర పూయడం మేలు. సొరపాదునో బీరపాదునో పైకి పాకిస్తే కూరకు కూర, నీడకు నీడ. లోపల రేకుకు జానెడు కిందుగా వెదురు తడికలు కడితే మధ్యనున్న గాలి పాత అటక చేసిన పనే చేస్తుంది. అయితే పొయ్యి పైన, కరెంటు తీగల దగ్గర తడిక కట్టరాదు.

పడమటి గోడ మరో శత్రువు. దానికి ఆనించి తాటాకు పందిరి వేసినా చాలు. కిటికీకి లోపల తెర కట్టడం కంటె బయట తడిక వేలాడదీయడం మంచిది, ఎండ అద్దం దాటి వచ్చాక తెర చేసేది తక్కువ. పొద్దున పదింటికే కిటికీలు మూసి, చీకటి పడ్డాక అన్నీ తెరవాలి. చాలామంది ఇందుకు విరుద్ధంగా చేస్తున్నారు. దోమలకు భయపడి గోడపై వెంటిలేటర్లను కాగితాలతో మూసివేసినవారు వాటికి జాలీ కొట్టించుకోవచ్చు. సాయంత్రం స్లాబు మీద బిందెలకొద్దీ నీళ్లు కుమ్మరించడం మాత్రం, బోర్లు ఎండే ఈ ప్రాంతంలో సమర్థించదగినది కాదు. ఆ నీటిని తోడేది కూడా కరెంటు మోటారే.

చెట్టూ చేమా లేని లేఅవుట్లలో కొత్తగా వెలసిన కాలనీల దుస్థితి అందరికన్నా ఎక్కువ. సెంటు, సెంటున్నర స్థలంలో చిన్న గది, పైన నేరుగా స్లాబు. పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం ప్రకటించి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు ఆపైన స్థలాలలోని నివాసాలకు దానిని తప్పనిసరి చేసింది. 600 గజాల ఆసామికి ఏసీ ఉంటుంది. సెంటు స్థలంవాడికి ఉన్నది కప్పొక్కటే. గృహనిర్మాణ శాఖ ఇంటి బిల్లులో కప్పు సున్నానికి నాలుగు రూపాయలు చేర్చడం కష్టమేమీ కాదు. పంచాయతీలు అంతవరకు ఆగనవసరం లేదు. అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల, ఆరోగ్య ఉపకేంద్రం కప్పులతో ఆరంభిస్తే ఊరివారు చూసి తమ ఇళ్లకు చేసుకుంటారు. సంక్రాంతికి గోడల కోసం సున్నం నానబెట్టేటప్పుడే కప్పుకు కూడా నానబెట్టవచ్చు. బడుల కప్పులకు మాత్రం ఒంటిపూట బడులు మొదలయ్యేలోగా పూత పూర్తికావాలి. ఇందుకు సర్పంచులు, మండల విద్యాధికారులు ఇప్పటినుంచే పూనుకోవలసి ఉన్నది.