టి కణానికి స్విచ్ లేదు

టి కణాల గురించి ఎక్కడ చదివినా ‘స్విచ్’ అనే మాట కనబడుతుంది. కణం పైనున్న ఫలానా మాలిక్యూల్‌ని నొక్కితే లోపల ఫలానా జన్యువు ఆన్ అవుతుందట. రోజంతా కోడు రాసుకునే నాలాంటివాడికి ఈ పోలిక భలే నచ్చాలి. నాకేమో చిరాకు.

టి కణం శత్రువుని గుర్తుపట్టేది టి సెల్ రిసెప్టర్‌తో. అది తగలగానే లోపల కాల్షియం పెరుగుతుంది, కాల్సిన్యూరిన్ అనే ఎంజైము లేస్తుంది, అది ఎన్‌ఫాట్ అనే ప్రొటీన్ని కేంద్రకంలోకి పంపుతుంది. (కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకిచ్చే సైక్లోస్పోరిన్ అడ్డుకునేది ఈ మెట్టునే.) అయితే ఎన్‌ఫాట్ ఒక్కటే వెళ్తే ఐఎల్-2 జన్యువు సరిగా లేవదు. పక్కన ఏపీ-1, ఎన్ఎఫ్-కప్పాబి కూడా ఉండాలి. వాటికి బలం సీడీ28 అనే ఇంకో పైమాలిక్యూల్ నుంచి వస్తుంది. ఆ బలం అందకపోతే వేరే జన్యువులు మొదలై కణం మొద్దుబారిపోతుంది. తర్వాత అదే శత్రువు వచ్చినా పెద్దగా పట్టించుకోదు. పిలుపు అదే, పక్కనెవరున్నారో దాన్నిబట్టి అర్థం మారిపోతోంది. ఏ స్విచ్చికుందండీ ఈ గుణం?

2006 మార్చి 13న లండన్‌లో, నార్త్‌విక్ పార్క్ ఆస్పత్రి ఆవరణలోని ఒక ట్రయల్ యూనిట్లో, ఆరుగురు ఆరోగ్యవంతులకి టీజీఎన్1412 అనే యాంటీబాడీ ఎక్కించారు. రిసెప్టర్‌తో పనిలేకుండా సీడీ28 ఒక్కదానితోనే టి కణాన్ని లేపగలగడం దీని ప్రత్యేకత. కోతుల్లో నిరపాయం అనుకున్న డోసులో 500వ వంతే ఇచ్చారు. గంటన్నరలోపే తలనొప్పి, వణుకు. ఆరుగురూ ఐసీయూకి వెళ్ళారు. అందరూ బతికారు గానీ ఒకాయన కాలివేళ్ళు, చేతివేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఆ కోతుల్లో ఎఫెక్టర్ మెమరీ రకం సీడీ4 టి కణాల మీద అసలు సీడీ28 ఉండదని 2010లో తేలింది. మనుషుల్లో ఉంటుంది. ‘మా మెషీన్లో బానే నడిచిందే’ అనే డెవలపర్ని మనం ఎంత ఆడిపోసుకుంటాం!

కోతుల సంగతి అప్పటికి తెలీదు, సరే. ఒకరికిచ్చి ఒక రోజు ఆగకుండా నిమిషాల తేడాతో ఆరుగురికీ ఎక్కించారే, అదే నాకు మింగుడుపడదు. మేం కొత్త కోడు కూడా ముందు ఒక్క సర్వర్లోనే పెట్టి చూస్తాం, పోతే పోయేది సర్వరే అయినా. ‘నొక్కితే ఇంతే జరుగుతుంది’ అనే ధీమా లేకపోతే ఆ తొందర ఉండేదా?

అలాగని వీటి జోలికే వెళ్ళొద్దనట్లేదు. సీటీఎల్ఏ-4, పీడీ-1 అనే ‘బ్రేకులు’ (ఇదీ పోలికేలెండి) వదులుచేసి కేన్సర్‌కి వైద్యం చెయ్యొచ్చని చూపినందుకే 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకి నోబెల్ వచ్చింది. కానీ ఆ మందులు వాడేవాళ్ళలో కొందరికి సొంత టి కణాలే పేగుల మీదా, థైరాయిడ్ మీదా పడతాయి. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, విరేచనాలు మొదలైనప్పుడు ‘తిన్నది పడలేదేమో’ అని ఊరుకోకండి, ఆ రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యండి.