సాలీకి ఒక్క మాటా లేదు

సంపాదకులకు,

‘హామిల్టన్’ సంగీత నాటకంలో అమెరికా స్థాపకుల వేషాలు నల్లజాతి, లాటినో నటులకు దక్కడమే జాతి వివక్షకు తగిన జవాబని గత సంచికలోని వ్యాసం తేల్చేసింది. 2015లో బ్రాడ్‌వేకి వచ్చిన ఆ నాటకం ఎందరో నటులకు దారి చూపింది, నిజమే. కానీ ఆనాటి నల్లవారికి కథలో చోటేదీ?

ఒక్క ఘట్టం చాలు. ఆ స్థాపకుల్లో ఒకడైన జెఫర్సన్ ప్యారిస్ నుంచి తిరిగొచ్చి హుషారుగా చిందులేస్తూ పాడతాడు. ఆ వేషంలో డేవీడ్ డిగ్స్ హాలును ఊపేశాడు. ఆ పాట మధ్యలోనే సాలీని పిలిచి ఉత్తరం విప్పమంటాడు. బృందంలోని ఓ నర్తకి క్షణంసేపు కనిపించి తప్పుకుంటుంది. ఆమె సాలీ హెమింగ్స్, జెఫర్సన్ ఇంటి బానిస. నోరు విప్పే అవకాశమే ఆమెకు లేదు. ‘హామిల్టన్’ కంటే చాలా ముందే, 1969లో, అమెరికా స్థాపకుల కథే చెప్పే ‘1776’ సంగీత నాటకం బానిసల వ్యాపారంలో ఉత్తరాది వారి లాభాన్ని ఒక పూర్తి పాటలో నిలదీసింది.

మగతనం సంగతిని వ్యాసం ముట్టుకోనే లేదు. 1801లో కొడుకు ఫిలిప్, 1804లో తండ్రి, కథానాయకుడు హామిల్టన్, ఇద్దరూ పరువు కోసం పిస్తోళ్లతో తలపడి ప్రాణాలు పోగొట్టుకున్నారు.

2022లో ‘1776’ను మహిళలు, ట్రాన్స్, నాన్‌బైనరీ నటులతో బ్రాడ్‌వేపై మళ్లీ ఆడారు. జాతి, మగతనం రెండూ కలిసి చర్చకొచ్చిన ఆ ప్రదర్శన ఊసే వ్యాసంలో లేకపోవడం పెద్ద లోటు.

— ఓ నాటకాభిమాని, విజయనగరం