వినబడని వారికీ చేరాలి హెచ్చరిక
తుపాను హెచ్చరికలను నేరుగా సెల్‌ఫోన్లకు పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ విధానం స్వాగతించదగినదే. దానితో బధిరుల భద్రత సమస్య తీరిపోయిందనుకోవడం మాత్రం ప్రమాదకరం. అర్ధరాత్రి సైరనూ, మైకు ప్రచారమూ, తలుపు తట్టిన చప్పుడూ వారిని నిద్ర లేపవు. టవర్లు పడిపోతే ఫోనూ పనిచేయదు. బడికి నోచుకోని వారికి ఫోన్‌లో వచ్చే సందేశంలోని అక్షరాలూ అందవు. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థలు దివ్యాంగుల వివరాలు నమోదు చేసి, ముప్పును వారికి తెలియజేయాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ఆదేశిస్తోంది. ఆ జాబితా కలెక్టరేట్‌లో ఆగిపోకుండా గ్రామ సచివాలయానికి చేరాలి. ఏ ఇంటికి ఎవరు వెళ్లి లేపాలో ముందే పేరుపేరునా నిర్ణయించాలి. పునరావాస కేంద్రాల్లో మైకు ప్రకటనలతో సరిపెట్టక, బోర్డుపై రాసి, బొమ్మలతో చూపాలి. అక్టోబరు, నవంబరు తుపానులకు ముందే తీర గ్రామాల్లో బధిరులతో కలిసి మాక్ డ్రిల్ జరపాలి.