ఇటు తిప్పు అన్నదెవరు?



పోయిన సంక్రాంతికి మా మండలంలో ఆడపిల్లలకు కబడ్డీ పోటీ పెట్టారు. మా బడి జట్టు ఫైనల్‌కి వచ్చింది. ఏడుగురిలో ఐదుగురు మా వాడ పిల్లలే. సెలవులొస్తే తల్లుల వెంట మిరపకోతలకు పోయే పిల్లలు. లోకల్ ఛానల్ వాళ్లొచ్చి లైవ్ ఇస్తన్నామని మైకులో చెప్పారు. ఇక చూడండి, వాడలో టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ జనమే.

ఆఖరి కూతకు పోయిన పిల్ల ఇద్దర్ని తాకి, మూడో పిల్ల కాలు పట్టుకుంటే విదిలించుకుని, గీత మీద చెయ్యి పెట్టింది. గెలిచాం. పరిగెత్తుకుంటూ వాడకొచ్చాం. ఆ పిల్ల నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "ఏం నాయనా, గెలిచిందని మైకులో అరుపు ఇనపడ్డది గానీ, నాకు కనపడింది శాలువాలే" అన్నది. సరిగ్గా ఆ కూత సమయానికి కెమెరా వేదిక మీదికి తిరిగింది. పెద్దమనుషులు ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటున్నారు. ఇరవై నిమిషాలు అదే లైవ్.

పిల్ల నన్నడిగింది. "సార్, లైవ్ అన్నారు గదా, మరి మేమేమైపోయాం?"

మర్నాడు కెమెరా పట్టిన కుర్రాణ్ణి అడిగాను. వాడూ మనలాంటి కూలిబిడ్డే, రోజు కిరాయికి వచ్చినవాడు. "నన్నేం చెయ్యమంటారు సార్? ఇటు తిప్పు అన్నారు, తిప్పాను" అన్నాడు.

ఇటు తిప్పు. ఆ రెండు మాటలే ఈ వ్యాసానికి కారణం. మండలం కబడ్డీలోనే కాదు, ప్రపంచ కప్పులోనూ ఎవడో ఒకడు ఇటు తిప్పు అంటూనే ఉంటాడు. వాడు మనకు కనపడడు. వాడు చూపించిందే ఆట అనుకుని మనం చూస్తుంటాం.

లైవ్ అంటే ఏంది?

టీవీ ఒక కిటికీ, అందులోంచి మైదానం కనపడుతోంది అనుకుంటాం. కాదు. అది కిటికీ కాదు, వంట. ఎన్నో దినుసుల్లోంచి ఎవడో ఏరి, కోసి, కలిపి వడ్డించిన వంట.

పెద్ద క్రికెట్ మ్యాచ్‌కి ముప్పైకి అటూ ఇటూ కెమెరాలుంటాయి. గ్యాలరీల మీద ఉంటాయి. బౌండరీ పక్కన ఉంటాయి. వికెట్ల లోపల ఒకటి, తీగల మీద గాలిలో పాకేది ఒకటి. వాటన్నిటి బొమ్మలూ స్టేడియం పక్కన నిలబెట్టిన పెద్ద బండిలోకి వస్తాయి. దాన్ని ఓబీ వ్యాన్ అంటారు. లోపల గోడనిండా తెరలు. వాటి ముందు డైరెక్టర్ కూర్చుంటాడు. ఒక్కో క్షణం ఒక్కో బొమ్మను ఎంచి "ఇది పో" అంటాడు. పక్కవాడు మీట నొక్కుతాడు. ముప్పై బొమ్మల్లో ఒకటి మనకొస్తది, ఇరవై తొమ్మిది ఆగిపోతాయి. రీప్లే వేసేవాడు వేరు, అంకెలు పెట్టేవాడు వేరు, మాట చెప్పేవాడు వేరు. అదంతా కలిసి 36 వేల కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహానికి పోయి తిరిగి మన ఇంటికొస్తది. అందుకే లైవ్ కూడా కొన్ని సెకన్లు పాతదే.

కెమెరా ఎక్కడ పెడితే ఆట అట్టా కనపడుతుంది. ఒకప్పుడు ఆస్ట్రేలియాలో క్రికెట్‌ను మైదానానికి ఒక కొస నుంచే చూపేవాళ్లు. ఓవరు మారినప్పుడల్లా బ్యాట్స్‌మన్ వీపే కనపడేది. 1977లో కెర్రీ ప్యాకర్ అనే టీవీ యజమాని సొంత క్రికెట్ పెట్టి, రెండు కొసలా కెమెరాలు పెట్టించాడు. ఆటగాళ్ల ముఖాలు జనం చూశారు. ఆట మారలేదు, కన్ను మారింది. కన్ను మారేసరికి ఆటకు రాబడి మారింది, యజమాని మారాడు.

కెమెరా మీద నాకు పగ లేదు. 1992 నవంబర్‌లో డర్బన్ టెస్టులో టీవీ బొమ్మ చూసి మూడో అంపైరు తీర్పు చెప్పాడు, టెండూల్కర్ రనౌట్. అంత పెద్ద ఆటగాడైనా సరే, కెమెరా చూసిన నిజం నిజమే. సాక్ష్యం లేక వీగిపోయిన కేసులు ఎన్నో చూసినోళ్లం. సాక్ష్యం విలువ మనకు ఒకరు చెప్పాలా? నేను అడుగుతున్నది ఒకటే, ఆ సాక్షి ఎవడి జీతగాడు?

సాక్షి చూడనిది కూడా చెప్తాడు, అదీ గుర్తుపెట్టుకోండి. 2001 నుంచి హాక్ ఐ అనే లెక్క వచ్చింది. బంతి ప్యాడుకు తగిలి ఆగిపోయాక, ఆగకుంటే ఎటు పోయేదో గీత గీసి చూపిస్తారు. ఆ గీత కెమెరా తీసింది కాదు, కంప్యూటర్ కట్టిన అంచనా. అంచనాలో తేడా ఉండొచ్చని వాళ్లకీ తెలుసు గనకనే బొటాబొటీగా తగిలిన చోట అంపైర్ మాటే చెల్లుతుందని రూలు పెట్టుకున్నారు. మనమేమో గీతను కళ్లతో చూశామనే అనుకుంటాం.

నాలుగొందల రూపాయల ఐపీఎల్

2022లో గుజరాత్‌లో ఒక సంగతి బయటపడింది. మెహసానా జిల్లా మోలిపూర్ ఊళ్లో చేను చదును చేసి పిచ్ వేశారు. ఇరవై ఒక్క మందిని, వ్యవసాయ కూలీల్నీ పనిలేని కుర్రాళ్లనూ పిలిచి, మ్యాచ్‌కి నాలుగొందలు కూలి ఇచ్చి, రంగురంగుల చొక్కాలు తొడిగారు. ఐదు కెమెరాలు పెట్టారు. జనం కేకలు ఇంటర్నెట్ నుంచి తీసుకుని స్పీకర్లలో వేశారు. పేరున్న కామెంటేటర్ గొంతును అనుకరించేవాణ్ణి కూర్చోబెట్టి యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు. ఎక్కడో రష్యాలో జనం అదే అసలు ఐపీఎల్ అనుకుని పందేలు కాశారు. క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చాక పోలీసులు పట్టుకున్నారు. ఇదంతా పోలీసులు చెప్పిన కథే.

నవ్వొస్తుంది గదా? నాకూ వచ్చింది. తర్వాత ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. చేను స్టేడియం ఎట్టా అయింది? కెమెరా పక్కనున్న చేలను చూపించలేదు గనక. ఖాళీ గట్టు మీద వేలమంది ఎట్టా కూర్చున్నారు? స్పీకర్‌లో అరుపు వేశారు గనక. సరే, వాళ్లు దొంగలు. మరి 2020లో కరోనా అప్పుడు అసలు ఐపీఎల్ దుబాయ్, అబుదాబి, షార్జాల్లో ఖాళీ స్టేడియాల్లో ఆడించినప్పుడు? అప్పుడూ టీవీలో జనం కేకలు వేశారు గదా! ఫోరు కొడితే అరుపు, వికెట్ పడితే అరుపు. మనిషి లేడు, మనిషి అరుపు ఉంది. మోలిపూర్‌లో చేస్తే మోసం, అక్కడ చేస్తే ప్రసారకళ!

మోసమూ కళా ఒకటేనని అనడం లేదు. అక్కడ ఆడింది నిజం ఆటగాళ్లే, పరుగులు నిజం పరుగులే. కానీ పనిముట్లు అవే. చట్రం అదే, శబ్దం అదే, గొంతు అదే. ఆ పనిముట్లు ఎట్టా పనిచేస్తాయో నాలుగొందల కూలీలు మన కళ్లకు కట్టారు. వాళ్లకు మనం రుణపడి ఉండాలి.

బొమ్మ ఖరీదు ఎంత?

2022 జూన్‌లో ఐపీఎల్ ప్రసార హక్కులు వేలం వేశారు. 2023 నుంచి 2027 దాకా ఐదేళ్లకు 48,390 కోట్లు. వేలం నాటి లెక్కన ఒక్కో మ్యాచ్‌కి సుమారు 118 కోట్లు. బ్యాటుకీ బంతికీ కాదయ్యా ఈ డబ్బు, మన కళ్లకు. మనం ఎన్ని కోట్లమందిమి చూస్తామో లెక్క గట్టి, మన చూపును ప్రకటనల వాళ్లకు అమ్ముకునే హక్కుకు. ఓవరుకీ ఓవరుకీ మధ్య ప్రకటన, వికెట్ పడితే ప్రకటన. బండిలో కూర్చున్నవాడు ఎవడికోసం తిప్పుతాడో వేరే చెప్పాలా?

అదే బోర్డు ఆడవాళ్ల లీగు హక్కులు ఐదేళ్లకు 951 కోట్లు. మ్యాచ్‌కి 7 కోట్లు. ఆడవాళ్ల ఆట ఎవరు చూస్తారు అంటారు. చూపిస్తే గదా చూసేది! 2025 నవంబర్ 2న మన ఆడపిల్లలు ప్రపంచ కప్పు గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉంది. ఆ రాత్రి ఊళ్లకు ఊళ్లు మేలుకుని చూశాయి. చూపుకు కరువు లేదు, కరువంతా చూపించడానికే.

2022 వేలంలో టీవీ ఒక కంపెనీకి, ఫోను ఇంకో కంపెనీకి పోయాయి. 2024 నవంబర్‌లో ఆ రెండూ కలిసి ఒక్కటే అయ్యాయి. ఇక మాట చెప్పేవాళ్ల సంగతి. హైదరాబాద్‌లో పుట్టిన హర్షా భోగ్లేను 2016 ఐపీఎల్ ముందు కామెంటరీ నుంచి తప్పించారు. ఎందుకో తనకు చెప్పలేదని ఆయనే అన్నాడు. అంత పేరున్నవాడికే కారణం చెప్పకపోతే, కెమెరా కుర్రాడు "తిప్పను" అనగలడా?

కబడ్డీకి ఏమైంది?

కబడ్డీ మన ఆట. బ్యాటు అక్కర్లేదు, బూటు అక్కర్లేదు, గీత గీస్తే చాలు. 2014లో ప్రో కబడ్డీ టీవీకెక్కింది. మట్టి పోయి చాప వచ్చింది, దీపాలు వచ్చాయి. కూతకు ముప్పై సెకన్లు. రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోదాంట్లో పాయింటు తేవాల్సిందే, లేకుంటే ఔట్. చూసేవాడు రిమోట్ నొక్కకుండా ఉండాలి గదా మరి! ఇందులో మంచి లేదనను. రైతుల బిడ్డలు, కూలోళ్ల బిడ్డలు వేలంలో లక్షలు చూశారు. సంతోషమే. కానీ 2015లో చూపించే సంస్థే ఆడించే సంస్థలో పెద్ద వాటా కొన్నది. ఆట పెట్టేవాడూ, చూపేవాడూ, బాగుందని పొగిడేవాడూ ఒక్కడే అయితే తప్పు జరిగినప్పుడు చూపేదెవరు? ఆడపిల్లలకు 2016లో మూడు జట్లతో ఒక పోటీ పెట్టారు. ఆ ఏడాదితోనే అది ఆగింది. మా పిల్ల కూతకు పోయిన చోటే మళ్లీ కెమెరా పక్కకు తిరిగింది.

గాలి ఎవరిది?

మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. 1993లో హీరో కప్ మ్యాచ్‌లు ఎవరు చూపాలని దూరదర్శన్‌కీ బెంగాల్ క్రికెట్ సంఘానికీ తగాదా వచ్చింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి జీవన్‌రెడ్డి గారూ ఉన్నారు. బొమ్మను మోసుకొచ్చే గాలి అలలు ప్రజల ఆస్తి అన్నారు. సర్కారు జాగీరూ కాదు, షావుకారు జాగీరూ కాదు. ఊరి చెరువు లాంటిది అన్నమాట.

2007లో చట్టం వచ్చింది. దేశానికి ముఖ్యమైనవని ప్రకటించిన ఆటల్ని హక్కులు కొన్న కంపెనీ ప్రకటనలు లేకుండా ప్రసార భారతికి ఇవ్వాలి. టీవీలో ప్రకటనల మీద వచ్చేదాంట్లో కంపెనీకి 75 పాళ్లు, ప్రసార భారతికి 25. చాప కొనలేనివాడు కూడా చెరువులో చెయ్యి పెట్టొచ్చని దాని అర్థం. కానీ 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇంకో తీర్పు చెప్పింది. ఆ బొమ్మ దూరదర్శన్ సొంత టవర్ల మీదా, సొంత డిష్ మీదా మాత్రమే రావాలి, కేబుల్‌లో రాకూడదు. చట్టం రాత అట్టా ఉంది, కోర్టు అట్టా చదివింది. అంటే డీడీ ఫ్రీ డిష్ గొడుగు ఉన్న ఇంట్లో మ్యాచ్ ఉచితం. కేబుల్‌కి నెలనెలా డబ్బు కట్టే ఇంట్లో డీడీ పెడితే మ్యాచ్ రాదు. రాతలో లోపం ఉంటే రాత మార్చాలి. అది పార్లమెంటు పని. ఓటడగడానికి వచ్చినవాణ్ణి ఈ ఒక్క ప్రశ్న అడగండి. ప్రజల గాలి మీద వచ్చే ప్రజల ఆట ప్రతి ఇంటికీ ఎందుకు రాదు? ఆ జాబితాలో ఆడవాళ్ల ఆటలకు మగవాళ్ల ఆటలతో సమానంగా చోటు ఎప్పుడు?

మనం చెయ్యాల్సింది

అడగడంతో ఆగితే ఆ పిల్లకు జవాబు చెప్పినట్టు కాదు. ప్యాకర్‌కి కోట్లు కావాల్సొచ్చింది. మన కుర్రాడి చేతిలో ఫోనుంది. ఏప్రిల్ 14కి వాడవాడలా కబడ్డీ ఆడిస్తాం గదా, ఈసారి మన ఆట మనమే చూపిద్దాం. నేర్చుకోవడం కష్టమేం కాదు.

ఆడపిల్లల బరి పన్నెండు మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు. నడిగీతకు ఎదురుగా, పక్కన, ఎత్తులో ఫోను పెట్టండి. ట్రాక్టర్ ట్రక్కు చాలు, బడి మెట్లు చాలు. ఫోను అడ్డంగా పట్టండి. బరి మొత్తం కనపడాలి. కూత మొదలైన దగ్గర్నుంచి గీత తాకేదాకా తిప్పొద్దు. ప్రతి పిల్ల పేరూ, ఊరి పేరూ గొంతెత్తి చెప్పండి. మన పిల్ల ఔటైనా చూపించండి, అవతలి జట్టు గెలిస్తే వాళ్ల పేర్లూ అంతే గట్టిగా చెప్పండి. లేకపోతే మనకీ ఆ శాలువాలోళ్లకీ తేడా ఏముంది? శాలువాలు ఆట అయ్యాక. ఫోను పట్టే పని ఒక ఆడపిల్లకు ఇవ్వండి.

మా బడిలో ఈ పని మొదలుపెట్టాం. ఆ రోజు ఆఖరి కూతకు పోయిన పిల్లే ఇప్పుడు మిగతా వాళ్లకు నేర్పుతోంది. మొన్న ఆడుతుండగా మా హెడ్మాస్టర్ గారు వచ్చి నిలబడితే, ఎవరో "ఇటు తిప్పు" అన్నారు.

"ఆట అయ్యాక తిప్పుతాను సార్" అన్నది పిల్ల. ఫోను కదల్లేదు.