ఆకు తిప్పి చూడండి

పలాస, టెక్కలి పెరళ్లలో కొబ్బరాకు నల్లబడితే చాలు, మందుల షాపుకు పరుగే. నలుపు ఆకు పైన ఉంటుంది, దోషి అడుగున ఉంటుంది. అక్కడ తెల్లటి మైనపు పొడి, సుడులు తిరిగిన గుడ్ల వరుసలు కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో బయటపడింది. అది వదిలే తీపి జిగురు కింది ఆకుల మీద పడితే, దానిపై మసిబూజు పెరుగుతుంది. బూజుమందు దండగ. పురుగుమందు మరీ చేటు: దోమను చంపిపెట్టే ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగా పోతుంది. అడుగున నీళ్లు జోరుగా కొట్టండి. మసికి పల్చటి గంజి చాలు, ఎండి పెచ్చులుగా రాలుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును తట్టుకున్న చెట్లివి, తొందరపడి నరకకండి. మీ పెరటి జామ, అరటి ఆకుల అడుగునా ఈ దోమ ఉందేమో చూసి మాకు రాయండి.